పిల్లల వీపు ఒక్కసారి చూడండి



మార్కులు, హోంవర్క్, హ్యాండ్‌రైటింగ్ గురించి మనం ప్రతి నెలా మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి మీరూ నేనూ అంతగా చూడని చోటు గురించి రాస్తున్నాను. అది పిల్లల వీపు.

ఇంగ్లిష్ టీచర్‌కి వెన్నెముకతో ఏం పని అనుకోవచ్చు. ఈమధ్య పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి, అందరూ వెళ్ళేదాకా ఆగి, "మా పాప భుజాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటున్నాయి మేడమ్, బ్యాగు బరువు వల్లేనా?" అని మెల్లగా అడిగారు. కొల్లేరు వైపు ఊళ్ళో ఉండే వాళ్ళ పెద్దావిడేమో, "ఆడపిల్ల, బయట చెప్పకండి. డాక్టర్ దగ్గరికెళ్తే ఆపరేషనే అంటాడు" అన్నారట. ఈ రెండు మాటల కోసమే నేను కాస్త చదివాను.

మొదట బ్యాగు సంగతి. బరువు ఎక్కువైతే భుజాలు, నడుం నొప్పి పుట్టొచ్చు. అందుకే 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ, బ్యాగు పిల్లల బరువులో 10 శాతం దాటకూడదంది. కానీ వెన్ను పక్కకి వంగే స్కోలియోసిస్ బ్యాగు వల్ల రాదు. ఎదిగే వయసులో, చాలామందిలో కారణం తెలియకుండానే వస్తుంది. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. ఎక్కువమందిలో కొద్దిగా వచ్చి ఆగిపోతుంది. పెరిగే వంకర మాత్రం అమ్మాయిల్లోనే ఎక్కువ. ఇందులో పాప తప్పు లేదు, మీ తప్పూ లేదు.

ఇక ఆపరేషన్ భయం. వెన్ను జబ్బంటే ఆపరేషనేనా అన్నది డాక్టర్లే పరీక్షించి చూశారు. 1970లలో చెన్నైలో, వెన్నెముకకు టీబీ వచ్చి నడవగలిగే స్థితిలో ఉన్న రోగుల్లో కొందరికి ఆపరేషన్‌తో పాటు మందులు, మిగతావారికి మందులు మాత్రమే ఇచ్చారు. పదేళ్ళ తర్వాత చూస్తే, మందులతోనే ఉన్నవాళ్ళు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి ఏమీ తీసిపోలేదు.

పిల్లల వంకర మీద ఇలాంటి పరీక్షే అమెరికా, కెనడాల్లో జరిగింది. 10 నుంచి 15 ఏళ్ళ వయసులో, 20 నుంచి 40 డిగ్రీల వంకర ఉన్న పిల్లల్లో కొందరికి బ్రేస్ వేశారు. అంటే ఒంటిని పట్టి ఉంచే గట్టి ప్లాస్టిక్ తొడుగు. మిగతావారిని ఊరికే గమనిస్తూ వచ్చారు. 50 డిగ్రీలు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అంతదాకా పోకుండా ఎదుగుదల ముగిసినవాళ్ళు బ్రేస్ వేసుకున్నవారిలో 72 శాతం, వేసుకోనివారిలో 48 శాతం. తేడా స్పష్టంగా కనబడటంతో పరిశోధనను ముందే ఆపి, 2013లో ఫలితాలు ప్రచురించారు. బ్రేస్ లోపల ఒంటి వేడిని పసిగట్టే చిన్న పరికరం పెట్టి, ఎన్ని గంటలు తొడుక్కున్నారో లెక్కగట్టారు. రోజుకు సగటున 13 గంటలకు మించి తొడిగినవారిలో నూటికి 90 మందికి పైగా గట్టెక్కారు.

ఈ లెక్కల్లో మనకు రెండు మాటలున్నాయి. బ్రేస్ లేకుండానే దాదాపు సగంమంది బాగున్నారు కాబట్టి కంగారు పడక్కర్లేదు. అయితే బ్రేస్ పనిచేసేది ఎముక ఎదుగుతున్నంతకాలమే కాబట్టి దాచిపెట్టడానికి టైమ్ లేదు. ఆపరేషన్‌కి భయపడి దాచడమే ఒక్కోసారి ఆపరేషన్ దాకా తెస్తుంది.

చూడటం చాలా తేలిక. పాపైనా బాబైనా కాళ్ళు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, నాట్లేసేటప్పుడు వంగినట్టు ముందుకు వంగమనండి. వెనక నిలబడి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా ఉంటే ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఎముకల డాక్టర్‌కి చూపించండి. "వంకర ఎన్ని డిగ్రీలు? ఎదుగుదల ఇంకా ఎంత మిగిలింది? మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి?" అని అడగండి. ఎడతెగని నొప్పి, కాళ్ళలో తిమ్మిరి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. స్కూల్లో పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలా వద్దా అన్నదాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఇంట్లో అమ్మ చూడటానికి మాత్రం రూపాయి ఖర్చు కాదు.

మన ఎండల్లో, ఈ ఉక్కపోతలో 13 గంటలు బ్రేస్ తొడుక్కోవడం మాటలు కాదు. నా క్లాసులో అలాంటి పిల్ల ఉంటే ఫ్యాన్ కింద సీటు నేనిస్తాను, ఎవరూ వేలెత్తి చూపకుండా చూసుకుంటాను. నలుగురిలోకి తలెత్తుకుని వచ్చే ధైర్యం మాత్రం మీరే ఇచ్చి పంపాలి.