‘మంచిది’ అన్నాడు విలన్!

కారు ఇల్లినాయిస్ దాటి విస్కాన్సిన్ రాష్ట్రంలోకి వచ్చేదాకా మా మనవడు నోరు విప్పలేదు. పద్నాలుగేళ్ల పిల్లాడు. ఒళ్లో నోటు పుస్తకం, చేతిలో ఇరవై ముఖాలున్న పాచిక. ఏదో రాసుకోవడం, కొట్టెయ్యడం. ‘ఏంట్రా అది?’ అనడిగాను. ‘నా విలన్ బాలేడు తాతయ్యా. నేను అరిస్తే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు’ అన్నాడు దిగులుగా.

కిందటేడాది జులైలో నేనూ మా ఆవిడా చికాగో శివార్లలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి, మిషిగన్ సరస్సు, మెడ నొప్పెట్టే ఎత్తు భవనాలు... అందరూ చూసేవన్నీ చూశాం. ‘ఈసారి వీడు అడిగిన ఊరికి వెళదాం నాన్నా’ అన్నాడు మా వాడు. ఆ ఊరే లేక్ జెనీవా. చికాగో నుంచి సుమారు 130 కిలోమీటర్లు. మనవడి స్నేహితులు నలుగురు ఇంకో కారులో మా వెనకే వచ్చారు. రెండు రాత్రులకు సరస్సు దగ్గర ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

పచ్చికలోంచి బాట

ఊరు చిన్నది. సరస్సు మాత్రం పెద్దది, నీళ్లు తేటగా ఉన్నాయి. 1871లో చికాగోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక, అక్కడి సంపన్నులు చాలామంది ఇక్కడికి వచ్చి ఒడ్డునే భవంతులు కట్టుకున్నారట. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది సరస్సు చుట్టూ ఉన్న కాలిబాట. సుమారు 34 కిలోమీటర్లు. ఒకప్పుడు పొటవాటమీ అనే ఆదివాసులు తమ ఊళ్ల మధ్య నడిచిన దారి అది. ఇప్పుడు కోటీశ్వరుల పెరళ్లలోంచి పోతుంది. అయినా ఎవరైనా నడవొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. తమ ఇంటి ముందున్న బాటను ఆ ఇంటివాళ్లే చూసుకుంటారు. అందుకే ఒకచోట ఇటుకలు, ఇంకోచోట బండలు, ఆ పక్కన గులకరాళ్లు. ‘కళ్లు మూసుకుని నడిచినా ఎవరిల్లు దాటామో కాళ్లకు తెలిసిపోతుంది’ అంది మా ఆవిడ. అది వినడంతోనే మనవడు పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

బూట్లు కుట్టిన చేతులు

సాయంత్రం మమ్మల్ని సెంటర్ స్ట్రీట్‌కి తీసుకెళ్లాడు. ఓ మామూలు తెల్లవాళ్ల ఇల్లు. రోడ్డు మీద నుంచే చూశాం. గ్యారీ గైగాక్స్ ఒకప్పుడు అక్కడ ఉండేవాడట. బీమా కంపెనీలో ఉద్యోగం 1970లో పోయింది. పిల్లలున్న ఇల్లు. బూట్లు బాగుచేస్తూ సంసారం లాగాడు. రాత్రిళ్లు మాత్రం స్నేహితులతో యుద్ధాల ఆటలు ఆడుతూ, వాటికి నియమాలు రాస్తూ గడిపాడు. మినియాపొలిస్ ప్రాంతానికి చెందిన డేవ్ ఆర్నెసన్ ఆలోచనలూ ఇతని నియమాలూ కలిసి 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అయ్యాయి. మొదట అచ్చేసింది వెయ్యి పెట్టెలే. వాటిని చేత్తోనే సర్దారు.

అక్కడికి కాస్త దూరంలో హార్టికల్చరల్ హాల్ ఉంది. 1968లో గైగాక్స్ దాన్ని 50 డాలర్లకు అద్దెకు తీసుకుని ఇలాంటి ఆటగాళ్లందర్నీ పిలిచాడు. ఊరి పేరు కలిసొచ్చేలా ‘జెన్ కాన్’ అన్నారు. ఆ ఉత్సవం ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. 2024లో 70 వేల మందికి పైగా వచ్చారు. గైగాక్స్ 2008లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆయన పేరుతో ఇక్కడ ‘గ్యారీ కాన్’ జరుపుతున్నారు.

ఒక్కడే... అందరి గొంతూ

ఇంతకీ ఆటేంటి? బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ... తలా ఒక పాత్ర. ఒక్కడు మాత్రం కథ నడుపుతాడు. అతను డంజియన్ మాస్టర్. పూటకూళ్లమ్మ, ముసలి రాజు, గుహలోని రాక్షసుడు, అన్నిటికన్నా ముఖ్యంగా విలన్... అందరికీ గొంతు ఇవ్వాల్సింది అతనే. తన కాగితాలు ఎవరికీ కనబడకుండా ముందు ఓ అట్ట తెర పెట్టుకుంటాడు.

‘ఇది మన తోలుబొమ్మలాటేరా!’ అన్నాను. అక్కడా తెర వెనక ఒక్కొక్కరు ఎన్నో పాత్రలకు గొంతు మారుస్తారు. జుట్టు పోలిగాడూ బంగారక్కా మాట్లాడుతుంటే, బొమ్మ కనిపించకముందే వాళ్లెవరో పిల్లలకు తెలిసిపోతుంది. వాడి కళ్లు మెరిశాయి. వచ్చిన ఆరు వారాల్లో నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. మాది తెనాలి దగ్గర పల్లె. కాలేజీ రోజుల్లో పౌరాణిక నాటకాలు వేశాను. దుర్యోధనుడి వేషం కట్టి, గద ఊపుతూ అరిచి అరిచి, మూడో రంగానికే గొంతు బొంగురు పోయేది. మాతో శకుని వేషం వేసిన పెద్దాయన మాత్రం గొంతు పెంచేవాడే కాదు. బొటనవేలితో చూపుడువేలు రాసుకుంటూ, మాటకీ మాటకీ మధ్య ఆగేవాడు. ఆ ఆగినచోటే జనం బిగుసుకుపోయేవారు. ‘మాయాబజార్’లో సీయస్సార్ శకునిని చూడండి. ‘ముత్యాలముగ్గు’లో రావు గోపాలరావును చూడండి. అరుపుల్లేవు. నెమ్మదిగా మాట్లాడుతూనే గుండెల్లో గుబులు పుట్టించారు.

‘మాకూ ఒకడున్నాడు తాతయ్యా, స్ట్రాడ్’ అన్నాడు వాడు. 1983లో హిక్‌మన్ దంపతులు రాసిన ‘రావెన్‌లాఫ్ట్’ ఆటలో రక్తపిశాచి అట. తన కోటకు వచ్చినవాళ్లకు ఎంతో మర్యాద చేస్తాడట. భయమంతా ఆ మర్యాదలోనే ఉందన్నమాట!

‘పోనీ, మీ విలన్‌కి ఏదైనా యాస పెట్టరాదూ?’ అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ‘వద్దు తాతయ్యా. స్కూల్లో కొందరు ఇండియన్ యాక్సెంట్ పెట్టి నన్ను టీజ్ చేస్తారు. ఎవరి యాసా చెడ్డవాడికి పెట్టను’ అన్నాడు. నాకు మాట రాలేదు. మన సినిమాలు ఎన్నేళ్లపాటు తెలంగాణ యాసనూ రాయలసీమ యాసనూ విలన్లకూ కమెడియన్లకూ అంటగట్టాయి! నేనూ నవ్వినవాడినే.

చివరికి ఇద్దరం కలిసి ఓ చిన్న కార్డు మీద మూడు మాటలు రాశాం. వేగం, చెయ్యి, ఊతపదం. ఎంత నెమ్మదిగా మాట్లాడతాడు? మాట్లాడేటప్పుడు చేత్తో ఏం చేస్తాడు? ఏ మాట పదేపదే అంటాడు? ఆట నాలుగు గంటలు సాగుతుంది కాబట్టి గొంతు బొంగురు చేసుకుంటే మర్నాటికి మాట రాదు. పైగా ఈ విలన్ మూడు వారాల తర్వాత మళ్లీ వస్తే, పాత గొంతు గుర్తుండదు. అలవాటైతే కార్డు చూడగానే తిరిగొస్తుంది. ‘ఆ మూడూ ఎక్కణ్నుంచి తేవాలి?’ అన్నాడు. ‘నీకు బాగా తెలిసిన మనిషి దగ్గర్నుంచి’ అన్నాను, గొప్పగా.

ఆ రాత్రి...

అయిదుగురూ బల్ల చుట్టూ చేరారు. మేం వంటింట్లో పెరుగన్నం తింటున్నాం. వీరులు కోట తలుపు తోశారు. ఒకడు విలన్ ముందు కత్తి దూశాడు, పాచిక దొర్లింది. మనవడు అరవలేదు. కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాడు, తర్వాత రెండోది. వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. మళ్లీ పెట్టుకుని, మెల్లగా, తెలుగులో, ‘మంచిది’ అన్నాడు.

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆ మాటకు అర్థం కూడా తెలియని పిల్లలు, కత్తి దూసినవాడి వంక చూశారు.

మా ఆవిడకు మాత్రం పొలమారింది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఆరేళ్లుగా ఆ ‘మంచిది’ వింటున్న మనిషి మరి! పంచె అంచుతో కళ్లజోడు తుడవడం, నచ్చని మాట వింటే ‘మంచిది’ అని లేచిపోవడం నా అలవాటే. వచ్చిన కొత్తలో వీడు ఆటల పుస్తకం చూపించబోతే, ‘ముందు లెక్కలు చూసుకో’ అన్నాను. ‘తర్వాత చూస్తా తాతయ్యా’ అన్నాడు. నేనేమన్నానో ఇప్పుడు గుర్తొచ్చింది.

మా అబ్బాయి నవ్వలేదు. కంచంలోకి చూస్తూ, ‘ఇంటర్ అయ్యాక బొమ్మలు వేయడం నేర్చుకుంటానన్నప్పుడు కూడా మీరిలాగే అన్నారు నాన్నా’ అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. వాడు మర్నాడే ఇంజినీరింగ్ కోచింగ్‌లో చేరాడు. నేను ఒక్కసారైనా గొంతు పెంచలేదని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాను.

అవతల ఆట సాగుతోంది. అర్ధరాత్రిదాకా ఆ మాట నాలుగైదుసార్లు వినిపించింది. విన్నప్పుడల్లా పిల్లలు సర్దుకుని కూర్చున్నారు.

మర్నాడు ఉదయం పడవ రేవుకు వెళ్లాం. లేక్ జెనీవాకు వేసవిలో వెళితే ఈ ఉత్తరాల పడవను తప్పక చూడాలి. 1916 నుంచీ ఉన్న సంప్రదాయం. పడవ ఆగదు. ఓ కుర్రాడో అమ్మాయో కదిలే పడవలోంచి చెక్క వంతెన మీదికి దూకి, పెట్టెలో ఉత్తరాలు పడేసి, పరుగెత్తుకొచ్చి మళ్లీ పడవలోకి దూకుతారు. ఒక్కోసారి గురి తప్పి నీళ్లలో పడతారు కూడా. ప్రయాణికులూ ఎక్కొచ్చు.

దిగాక మనవడు నా చెయ్యి పట్టుకున్నాడు. ‘తాతయ్యా, రాత్రి కోపమొచ్చిందా?’ అన్నాడు. లేదన్నాను. ‘అయితే ఆ కాలిబాట మీద ఇంకాస్త దూరం నడుద్దామా? విలన్‌కి ఓ తమ్ముడున్నాడు, వాడెలా మాట్లాడాలో చెప్పాలి’ అన్నాడు. ఎండ మండుతోంది, మోకాళ్లు నొప్పి. అలవాటుగా కళ్లజోడు మీదికి చెయ్యి పోయింది. దించేసుకున్నాను.

‘పద’ అన్నాను.