మిగిలిన కాగితముల పుస్తకము

ఇంట పదునాలుగేండ్ల ఆడుపిల్ల యున్నచో దినమునకు పదిమారులైనను "ఏమి ఆలోచించుచున్నావు?" అని యడుగుదుము. "ఏమియు లేదు" అని ఆమె చెప్పును. ఆ మాట నమ్మి మన పనిలోనికి మనము పోవుదుము. లేదా నమ్మక అనుమానపడుదుము. ఈ రెండును పొరపాట్లేయని మాకు గడచిన సంవత్సరమున తెలిసినది. తెలిసిన తీరు మాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను దాచుటకంటె చెప్పుటయే మంచిదని తోచి వ్రాయుచున్నాము.

మావారు బడిపంతులు. కృష్ణ కాలువగట్టునకు దగ్గరనున్న చిన్న యూర మా కాపురము. మా ఆడుబిడ్డ కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుటకై జూన్ నెలలో మా యింటికి వచ్చినది. పిల్ల మాటకారి కాదు. పిలిచిన పలుకును, చెప్పిన పని చేయును, పిమ్మట ఏదో యొక మూల చేరి చూచుచు కూర్చుండును. "చూపులతో కడుపు నిండునటే?" అని మా అత్తగారు మనుమరాలిని హాస్యమాడెడివారు.

దసరాకు ముందు వానలు వెలిసినవి. బొంతలు, పరుపులు ఎండవేయుటకు తీయుచుండగా పిల్ల పడకలోనుండి ఒక పుస్తకము జారిపడినది. క్రిందటి యేటి నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను చించి, దబ్బనముతో కుట్టి, పాత క్యాలెండరు కాగితము అట్టగా వేసికొన్నది. బడిపుస్తకమైనచో పడకలో దాచనేల? ఈ కాలపు పిల్లలను గూర్చి ఇరుగుపొరుగువారు చెప్పుకొను మాటలన్నియు ఒక్కమారుగా మా మనస్సునకు వచ్చినవి. తలుపు గడియ వైచి చదువనారంభించితిమి.

మేము భయపడినది అందు లేదు. పిల్ల వాడుకమాటలలో వ్రాసినదానిని మా కలవాటైన భాషలో చెప్పుచున్నాము:

"అత్తయ్య వరిపిండితో ముగ్గు వేసిన దినమున బడికి పోవు వేళకే చీమలు ఒక గీతను మోసికొని పోవును. రాతిముగ్గు వేసిన దినమున చీమలు రావు."

"చంద్రకాంతపూలు మామయ్య బడినుండి వచ్చు వేళకు విచ్చును. మబ్బు పట్టిన దినమున మామయ్యకంటె ముందే విచ్చును."

"నిద్రగన్నేరు ఆకులు సాయంకాలము ముడుచుకొనును. వాన మబ్బు క్రమ్మినను ముడుచుకొనును. ఆ సంగతి తెలియక చెట్టుక్రింద నిలిచినందున నేనొక్కతెనే తడిసితిని."

ఇంతవరకు నవ్వుకొనుచు చదివితిమి. పుట త్రిప్పగా మా సంగతియే కనబడినది.

"అత్తయ్య రుబ్బురోలికడ పద్యములు చదువును. వీధితలుపు చప్పుడైనచో ఆపును."

"అందరికి వడ్డించిన పిమ్మట తాను తినునపుడు అత్తయ్య కూరగిన్నె మూత తీయదు. అందులో ఏమియు లేదని ఆమెకు ముందే తెలియును."

పదునైదు సంవత్సరములుగా ఆ మూత తీయకుండుట మాకే తెలియదు. నాలుగు నెలల క్రిందట వచ్చిన పిల్లకు తెలిసినది. కొంతసేపు పుస్తకమును ఒడిలో నుంచుకొని ఊరకుంటిమి. అప్పుడైన మూసివేయవలసినది. మూయలేదు.

"అమ్మమ్మ బియ్యములో రాళ్లను కన్నులతో గాక వ్రేళ్లతో ఏరుచున్నది."

"సూదిలో దారమెక్కించుట నేర్చుకొమ్మని అమ్మమ్మ నన్ను పిలిచినది. అది నాకు వచ్చునని ఆమె యెరుగును."

"వీధిదీపమునకు గుడి కట్టినది, రేపు వాన వచ్చునని అమ్మమ్మ యన్నది. వాన రాలేదు. మూడు దినములు అట్లే యన్నది. నాకు ఏ గుడియు కనబడలేదు."

చివరి పుటలో ఇట్లున్నది: "అమ్మమ్మకు చూపు తగ్గినదని నాకు తెలిసినట్లు ఆమెకు తెలిసినది. ఎవరితోను చెప్పనని నాచేత ఒట్టు వేయించుకొన్నది. కనుక ఇచ్చట వ్రాయుచున్నాను."

మాకు బడిచదువు లేదు. మా తండ్రిగారు ఇంటనే అమరమును, శబ్దమంజరిని, రఘువంశమును, పోతనగారి భాగవతమును చెప్పిరి. సూర్యచంద్రుల చుట్టు ఏర్పడు వలయమునకు పరివేషమని పేరు గలదని తొమ్మిదవయేటనే వల్లించితిమి. మా అత్తగారి కంటికి వీధిదీపము చుట్టు పరివేషము కనబడుచుండగా, అదే యింట నుండియు మేము గమనింపలేదు. అన్నములో రాయి తగిలినపుడెల్ల శెట్టిగారి బియ్యమును నిందించితిమి.

ఆ రాత్రి మావారితో చెప్పితిమి. మరునాడు అత్తగారికడకు పోయి, "మీరు రాళ్లేరు విధము చూచినచో మీ కన్నులు సరిగా లేవని మాకు తోచుచున్నది" అని, మేమే కనిపెట్టినట్లు పలికితిమి. ఆమె కొంత తడవు మావంక చూచి, "నీకు తోచుట కాదు, అమ్మాయీ. నీకు చెప్పినవారెవరో నే నెరుగుదును" అనిరి. ఆ పూటనుండి మనుమరాలిని పలుకరింపలేదు. పిల్ల మంచినీళ్లు తెచ్చి యిచ్చిన పుచ్చుకొనలేదు.

పిల్ల తన్ను సమర్థించుకొనలేదు. పెరటిలో మాతో, "అత్తయ్యా, మీరు నా పుస్తకము చదివితిరా?" అని మాత్ర మడిగినది. "ఏ పుస్తకము?" అంటిమి. ముప్పదియైదేండ్లు వచ్చినవి, హరిశ్చంద్రుని కథ ఎందరికో చదివి వినిపించితిమి. నోట వచ్చినది ఆ మాట! పిల్ల మరేమియు అనక చెంబు తీసికొని లోనికి పోయినది.

రెండు దినములు ఇల్లు మూగవోయినట్లుండెను. ఒట్టు నిలుపుకొన్నది ఒట్టు తప్పినదానివలె తల వంచుకొని తిరుగుచున్నది. మాట దొంగిలించిన మేము తల యెత్తుకొని వడ్డించుచున్నాము. మూడవనాటి రాత్రి భోజనములు కాకమునుపే అత్తగారియెదుట పిల్లను కూర్చుండబెట్టి, "పిల్ల ఎవరితోను చెప్పలేదు. తనలో తాను వ్రాసికొన్నదానిని మేము దొంగతనముగా చదివితిమి. అడిగినపుడు లేదని బొంకితిమి. తప్పు మాది" అంటిమి.

అత్తగారు ఏమియు అనలేదు. మనుమరాలిని దగ్గరకు తీసికొని తల నిమిరిరి. పిల్ల మాత్రము మావంక చూచి మెల్లగా, "అంతయు చదివితిరా, అత్తయ్యా? కూరగిన్నె కూడనా?" అన్నది. "అదియును" అంటిమి. "కూరగిన్నె యేమి?" అని అత్తగారడిగిరి. ఇద్దరమును చెప్పలేదు.

చూపు సంగతి ఆమె ఏల దాచిరో ఆ రాత్రియే తెలిసినది. కంటికి డబ్బు కర్చయినచో కొడుకు చేయి చాలక మనుమరాలి చదువు ఆపి పంపివేయునని ఆమె భయము! మావారు తల్లి చేతులు పట్టుకొని, "అమ్మా, నీవు చూడని చదువు అది చదివి యేమి?" అనిరి.

పట్టణములో నేత్రవైద్యులకు చూపించితిమి. శుక్లములనిరి. కంటిలోని కటకము మసకబారుటయే ఈ వ్యాధి. చుక్కలమందుతో తగ్గదు. ఆ మసకకటకమును శస్త్రచికిత్సచే తీసివైచి, దానికి మారుగా కృత్రిమకటకము నమర్చుదురు. దీపముల చుట్టు వలయములు తోచుట, రంగులు వెలవెలబోవుట, రాత్రివేళ తడబడుట దీని గురుతులు. ముసలితనమున నిది సహజమని మీ యింటి పెద్దలు చెప్పినను విని యూరకుండకుడు. కార్తికమున ఒక కంటికి, సంక్రాంతి గడచిన పిదప రెండవదానికి చేయించితిమి. మొదటి కట్టు విప్పిననాడు ఆమె మమ్ము ఎగాదిగా చూచి, "ఇంత చిక్కితివేమే, అమ్మాయీ?" అనిరి. నాటినుండి మేము భోజనమునకు కూర్చున్నపుడు ఆమెయే వచ్చి కూరగిన్నె మూత తీసి చూచుచున్నారు. ఆమె కన్ను ఇప్పుడు మిక్కిలి నిశితము, తప్పించుకొన వీలులేదు.

ఇన్ని మేళ్లు జరిగినను పిల్ల వ్రాయుట మానినది. మాకు కలిగిన నష్టములలో నిదియే పెద్దది. ఒకనాడు మేమే యెత్తగా, "చిన్నచిన్న సంగతులు. వ్రాసినందువలన నేమి?" అన్నది. అప్పుడు భండారు అచ్చమాంబగారిని గూర్చి చెప్పితిమి. 1874లో పుట్టిన ఆ తల్లికి బడి లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ప్రక్కన జేరి చదువు నేర్చిరి. 1902లో హిందూసుందరి పత్రికలో ఆమె ప్రకటించిన 'ధనత్రయోదశి' కథలో రాజులు లేరు, యుద్ధములు లేవు. పండుగనాడు చేత డబ్బులేని యొక యింట ఆలుమగల నడుమ జరిగిన సంగతియే అందున్నది. తెలుగు కథ తొలినాళ్ల చరిత్ర చెప్పువారు నేటికిని ఆ కథను తలంతురు. పిల్ల విని, "ఆమె వ్రాసినది ఆమె యిచ్చిన పిమ్మటనే గదా అందరు చదివిరి" అన్నది. మాకు బదులు తోచలేదు.

ఉగాదికి క్రొత్త నోటుపుస్తకమొకటి కొని యిచ్చితిమి. వ్రాయుమని చెప్పలేదు. వ్రాయుచున్నదో లేదో అడుగలేదు. అయితే మొన్న వీధితలుపు చప్పుడైనను పద్యమాపక రుబ్బుచుండగా, పిల్ల వంటింటి గడపకడ నిలిచి విని, గబగబ లోనికి పోయినది.

సోదరీమణులారా! పిల్లల మౌనమునకు భయపడి వెదకుట మన ప్రేమయే కావచ్చును. కాని వారడిగినపుడు బొంకుట ప్రేమ కాదు. ఇప్పుడు బొంతలు ఎండవేయు దినమున పిల్లను పిలిచి, "నీ పడక నీవే తెచ్చుకొమ్మా" అని చెప్పి, మేము పెరటిలోనే నిలుచుచున్నాము.