ఎలుగుబంటి మూతిలో ఒక పాఠం

జల్‌పల్లి చెరువు, దాని చుట్టూ ఉన్న రాతిగుట్టలు, పహాడీ షరీఫ్ మెట్లు మా మద్రసా విద్యార్థులు నిత్యం చూసే లోకం. అక్కడి నుండి చాంద్రాయణగుట్ట మీదుగా బహదూర్‌పురాకు వెళ్తే, మీర్ ఆలం చెరువు పక్కన 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నది. విద్యార్థులతో అక్కడికి వెళ్ళిన మేము సింహం కన్నా ఎలుగుబంటి ఎదుటనే ఎక్కువసేపు నిలిచాము.

క్రూరమృగమని పేరేగాని దీని ముఖ్యాహారం చెదలు, చీమలు, పండ్లు, తేనె. వంకర తిరిగిన పొడవాటి గోళ్ళతో గట్టి పుట్టను తవ్వుతుంది, మట్టిని ఊది పారవేస్తుంది. ఆపై పెదవులను గొట్టంవలె ముందుకు చాచి చెదలను పీల్చుకొంటుంది. పై దవడ నడుమ రెండు పళ్ళు ఉండవు. ఆ సందే ఆహారానికి దారి. దుమ్ము చొరబడకుండా ముక్కు రంధ్రాలను మూసుకోగలదు. ఆ పీల్చే శబ్దం వంద మీటర్ల దూరానికైనా వినిపిస్తుంది. నేరేడు, తునికి వంటి పండ్లు తిని, వాటి విత్తనాలను అడవిలో వెదజల్లుతుంది కూడా.

సృష్టికర్త ఇంత చక్కగా అమర్చిన ఆ మూతినే మనిషి కాల్చిన సూదితో గుచ్చి తాడు వేశాడు. కూనల కోసం తల్లిని చంపాడు, పళ్ళు ఊడగొట్టాడు, వీధుల్లో ఆడించాడు. తరతరాలుగా ఇదే జీవనోపాధిగా బ్రతికినవారు ఖలందర్లు; వారు మన సమాజంవారే. జంతువు ముఖంపై వాత పెట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని హదీసు పాఠంలో చదివే మనం ఈ విషయాన్ని దాటవేయరాదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా ఆ ఆట ఆగలేదు. పూట గడవని ఇంటిని చట్టం ఒక్కటే మార్చగలదా? వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 2002లో ఆగ్రాలో ఎలుగుల సంరక్షణ కేంద్రాన్ని తెరిచింది. ఎలుగును అప్పగించిన ఖలందర్ కుటుంబానికి వేరొక వృత్తికి పెట్టుబడి ఇచ్చి, వారి పిల్లల చదువుకు తోడ్పడింది. అలా ఆరువందలకు పైగా ఎలుగులకు తాడు తొలగింది. 2009 నాటికి ఆ వీధి ఆట దేశంలో దాదాపు ముగిసింది.

అయినా ఆపద తీరలేదు. అడవులు, గుట్టలు తరిగిపోతున్నకొద్దీ ఎలుగులు ఊళ్ళ వైపు వస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకు వెళ్ళే రైతులు వాటి దాడులకు గురవుతున్నారు. ఎలుగులూ ప్రాణాలు కోల్పోతున్నాయి. ఖలందర్ల విషయంలో మనిషి ఆకలినీ, మూగజీవి బాధనూ కలిపి చూసినప్పుడే మార్గం దొరికింది. ఉద్దానం రైతుకైనా, అక్కడి ఎలుగుకైనా కావలసినది అటువంటి చూపే. మన పిల్లలకు ఎలుగుబంటిని చూపించే రోజున ఈ సంగతి కూడా చెబుదాం.