హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ నమూనా

బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు నిజాం ఇచ్చిన విరాళంతో వచ్చింది. దాని చిహ్నంలో ఉన్నదీ నిజాం తలపాగాయే. బర్మా యుద్ధంలో ఈ స్క్వాడ్రన్ నడిపిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల పక్కల మీద దూకుతున్న నల్లచిరుత బొమ్మ ఉండేది.

ఆ విమానానికి చేసే 48వ వంతు నమూనాలో రెక్కల వెడల్పు 23 సెంటీమీటర్లు దాటుతుంది. ముందు వెండిరంగు, దానిపై హెయిర్‌స్ప్రే, ఆపైన ఆకుపచ్చ, మట్టిరంగు అక్రిలిక్‌లు. ఆరాక తడి కుంచెతో రుద్దితే రెక్క మొదట్లో, అంటే మెకానిక్ కాలుమోపే చోట, రంగు పెచ్చులూడి లోహంలా మెరుస్తుంది. పొగగొట్టాల వెనక మసి పలచగానే ఉండాలి. చాలామంది ఇక్కడే అతి చేస్తారు. నమూనాను నిలిపే నేలకు జల్లెడ పట్టిన చెలక మట్టి, జిగురునీళ్లు చాలు. అదే పొడిని చక్రాలకూ అద్దాలి.