కేకను పాట అనుకున్నాము



ఈ ఏడు సంఘం కేలెండరు మీద పక్షి ఫోటో ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. వేస్తామని చెప్పింది మేమే, మానుకున్నదీ మేమే. కారణం చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు. ఈ రోజు మీ ముందు ఒప్పుకుంటున్నాము.

మనది అడవి అంచు. సముద్రం మనకు దూరం. రెండేళ్ల క్రితం జనవరిలో ఒక పెళ్లికి కాకినాడ వెళ్లినప్పుడు, చేపల రేవు దగ్గర గల్ అనే సముద్రపక్షులను మొదటిసారి దగ్గరగా చూశాము. పడవల వెనకాల తెల్లటి గుంపుగా తిరుగుతూ, విసిరేసిన చేప ముక్కలను గాలిలోనే అందుకుంటున్నాయి. వాటిలో ఒక రకం ఎండాకాలంలో టిబెట్ వైపు ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలను పెట్టి, చలికాలానికి మన తీరానికి వస్తుంది. అక్కడ గోధుమరంగులో ఉండే తల ఇక్కడికి వచ్చేసరికి తెల్లబడి, కంటి వెనుక ఒక మచ్చ మాత్రం మిగులుతుంది. అంత దూరం వాటిని నడిపించే దేవుణ్ణి స్తుతిస్తూ, మా పాత కెమెరాతో రెండు వందల ఫోటోలు తీశాము. ఇంటికొచ్చి చూస్తే అన్నీ మసకే. కొన్నిటిలో తోక, కొన్నిటిలో ఒట్టి ఆకాశం.

పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మన సంఘ సోదరుడు ఒకరు ఓపికగా నేర్పించారు. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు వరకు పెట్టుకోవాలి. పక్షి దగ్గరికి వచ్చాక కెమెరా ఎత్తితే ఆలస్యమైపోతుంది. దూరాన ఉండగానే లెన్సులో పట్టుకొని, దానితోపాటు నడుము తిప్పుతూ రావాలి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. కాబట్టి గాలి మన వీపుకు తగిలేలా నిలబడితే వాటి ముఖం మనవైపు ఉంటుంది. ఇవన్నీ నేర్చుకున్నాము. నేర్చుకోవలసినది ఇంకొకటి మిగిలిపోయింది.

పోయిన ఏప్రిల్‌లో ఇద్దరు యౌవనస్థులతో కలిసి భద్రాచలం దిగువన గోదావరి ఇసుక దిబ్బ మీదికి వెళ్లాము. అక్కడ రివర్ టెర్న్‌లు ఉంటాయి. గల్ పక్షుల కుటుంబానికే చెందినవి, కాని నదిని నమ్ముకొని బతికేవి. పసుపు ముక్కు, నల్లటి టోపీ పెట్టినట్టు తల, కత్తెరలాగా చీలిన తోక. మేము దిబ్బ మీద అడుగు పెట్టగానే ఒకటి సరిగ్గా మా తల మీదికి వచ్చింది. పోవడం లేదు. రెక్కలు కొడుతూ ఒకేచోట గాలిలో నిలబడుతుంది, నోరు తెరిచి అరుస్తుంది, మా మీదికి దూకినట్టు వచ్చి మళ్లీ లేస్తుంది. దేవుడే మన కేలెండరు కోసం దీన్ని పంపించాడు అనుకున్నాము. అరగంట సేపు తీశాము. ప్రతి ఈకా స్పష్టంగా పడింది.

అప్పుడు నాటు పడవలో వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. "అయ్యగారూ, అది ఆడుకోవట్లేదు, ఏడుస్తంది. మీ కాళ్ల కాడ చూడండి. గుడ్లు మాడిపోతన్నయ్."

కిందికి చూశాము. రెండడుగుల దూరంలో, ఇసుకలో చిన్న గుంట. అందులో ఇసుక రంగులోనే మచ్చలున్న మూడు గుడ్లు. ఈ పక్షులు పుల్లలు పేర్చి గూడు కట్టవు, ఒట్టి ఇసుక మీదే గుడ్లు పెడతాయి. మిట్టమధ్యాహ్నం తల్లి వాటి మీద కూర్చునేది వేడి కోసం కాదు, నీడ కోసం. ఆ నీడను అరగంట సేపు మేము ఆపేశాము.

వెంటనే వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాము. ఆ గుడ్లు పిల్లలయ్యాయో లేదో మాకు తెలియదు. మర్నాడు వెళ్లి చూద్దామని మనసు పీకింది. కాని మా మనశ్శాంతి కోసం మళ్లీ వెళ్తే మళ్లీ అదే తప్పు.

ప్రియులారా, ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తెరిచాము. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలతోపాటు తల్లిని పట్టుకోకూడదని 6, 7 వచనాల్లో ఆజ్ఞ ఉంది. తల్లిదండ్రులను సన్మానించేవారికి దేవుడిచ్చిన దీర్ఘాయువు వాగ్దానమే ఇక్కడ కూడా ఉంది. సెమినరీలో ఈ మాట పరీక్ష కోసం చదివాము. ఆకాశపక్షులను చూడమని ప్రభువు కొండమీద చెప్పిన మాట మీద ఎన్నో ప్రసంగాలు చేశాము. ఆయన చూడమన్నాడు. గూటి దాకా వెళ్లమనలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మనం పునరావాస శిబిరంలో బియ్యం పంచాము. సహాయం పంపినవారికి చూపించాలని మేము ఫోటోలు తీశాము. ఒక ముసలమ్మ ఒక చేత్తో సంచి పట్టుకొని, రెండో చేత్తో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీయమ్మా అన్నాము. ఆమె తీసింది. ఆ ఫోటోలో ఆమె నవ్వుతున్నట్టే ఉంటుంది. ఇన్నాళ్లూ మేము దాన్ని కృతజ్ఞత అనుకున్నాము.

అందుకే కేలెండరు మీద ఆ పక్షిని వేయలేదు. ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. "పోనీలే అయ్యగారూ" అన్నది.

ఫిబ్రవరి నుండి మే వరకు బాప్తిస్మాలకో, కుటుంబాలతో సరదాగానో ఇసుక మీదికి వెళ్తాము కదా. పక్షి తల మీద తిరుగుతూ అరిస్తే గూడు దగ్గరలో ఉందని అర్థం. చూసి అడుగు వేస్తూ, వచ్చిన దారినే వెనక్కి రండి. కుక్కలను తీసుకెళ్లకండి. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్ జేబులోనే ఉంచండి.

చూసే కన్నులతోపాటు, ఆగవలసిన చోట ఆగే కాళ్లను కూడా ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.