అరికాలికి తెలిసే పనితనం

మా ఊళ్ళో కొత్తిల్లు కట్టి బండలు పరిపిస్తే, పని ఎలా వచ్చిందో చూడటానికి మా అమ్మకి ఒక్క బకెట్ నీళ్ళు చాలు. గది మూల నుంచి కుమ్మరించి పక్కన నిలబడేది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా తూములోకి పోతే మేస్త్రి పని మంచిదన్నట్టు. నడిమధ్య మడుగు కట్టిందా, ఆ బండ లేపి మళ్ళీ వెయ్యాల్సిందే. తాండూరు బండకైనా, బేతంచర్ల బండకైనా అదే పరీక్ష.

న్యూజెర్సీలో ఇల్లు కొని ఓక్ చెక్క నేల వేయించుకున్నాక ఆ పరీక్ష పనికిరాలేదు. చెక్కకి నీళ్ళే శత్రువు. మరి పనితనం ఎలా తెలియాలి? ఒక నేల పాడైపోయాక గాని నాకు ఆ సంగతి అర్థం కాలేదు.

ఆ మొదటి ఇంట్లో పనివాళ్ళు ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే పలకల పెట్టెలు దింపారు. మధ్యాహ్నానికి మేకులు కొట్టడం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో హాలంతా అయిపోయింది. అద్దంలా మెరిసింది. చూడవచ్చిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు. జూలైలో అమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"చాళ్ళు తీసినట్టుందేంట్రా నేల!"

వంగి అరచేత్తో అడ్డంగా రాసి చూశాను. నిజమే. ప్రతి పలకా నడుమ పల్లంగా, రెండంచులూ పైకి లేచి ఉంది. కంటికి ఇంకా సరిగ్గా ఆనని తేడా ఆమె అరికాలికి తెలిసింది.

కారణం కింద బేస్‌మెంట్‌లో ఉన్న చెమ్మ. పలక అడుగువైపు ఆ తేమ పీల్చి ఉబ్బింది, పైవైపు పొడిగానే ఉంది. అందుకే అంచులు లేచాయి. వానాకాలంలో తలుపు ఉబ్బి గడపకి పట్టేయడం మన ఇళ్ళలో ఎవరు చూడలేదు? చెట్టు కొట్టి ఎన్నేళ్ళయినా చెక్క గాలిలో తేమని తీసుకుంటూ, వదులుతూనే ఉంటుంది. వేసినాయనకి ఫోన్ చేస్తే "చెక్క గుణమే అంత" అన్నాడు. ఆ గుణం తెలిసిన మనిషి తేమ కొలవకుండా వెయ్యడమే తప్పు. అది ఈనాటికీ నాకు మింగుడుపడదు.

రెండో ఇంటికి వచ్చిన పెద్దాయన పలకల కంటే ముందు చిన్న మీటరు తెచ్చాడు. దాని కొసన రెండు సూదులుంటాయి. వాటిని పలకల కింద ఉండే ప్లైవుడ్‌లోకి గుచ్చి, అంకె చూసి, అక్కడే పెన్సిల్‌తో రాశాడు. గది నిండా అలా తిరిగాడు. తరవాత పలకల్లో గుచ్చాడు. ప్లైవుడ్‌లో 13 శాతం, పలకల్లో 7. "ఇవాళ వెయ్యను" అని పెట్టె మూసేశాడు. 3 అంగుళాల లోపు వెడల్పున్న పలకలైతే ఈ రెండింటికీ తేడా 4 శాతం దాటకూడదని, 3 అంగుళాలు, ఆపైన ఉన్నవాటికి 2 దాటకూడదని అమెరికాలో ఈ వృత్తివాళ్ళ సంఘం, నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్, చెబుతుంది. ఆయన బేస్‌మెంట్‌లో తేమ లాగే యంత్రం పెట్టించి వెళ్ళిపోయాడు. తొమ్మిదో రోజు వచ్చి కొలిస్తే 10, 7. మా సన్న పలకలకి ఆ తేడా ఫరవాలేదు. అప్పుడు మొదలుపెట్టాడు. నేను పెట్టిన సెలవంతా పోయింది. పోతే పోయింది. ఆ రోజు వెనక్కి వెళ్ళిపోయిన మనిషి మీద నాకు కలిగిన నమ్మకం ఇంకే పనివాడి మీదా కలగలేదు.

ఒకే పెట్టె ఖాళీ చేస్తూ పోకుండా నాలుగైదు పెట్టెలు విప్పి, రంగులు కలిసేలా పలకల్ని ముందు నేలమీద పేర్చుకున్నాడు. పక్క పక్క వరసల్లో అతుకులు కనీసం 6 అంగుళాల ఎడంగా పడేలా చూశాడు. గోడ పొడవునా ముప్పావంగుళం ఖాళీ వదిలాడు. చెక్క పెరిగితే చోటుండాలి కదా. పైన బేస్‌బోర్డు కొట్టేస్తే అది కనిపించదు కాబట్టి, కొట్టకముందే చూసుకోవాలి.

చేతిపని తెలిసేది మాత్రం ద్వారబంధాల దగ్గర. తొందరపడే వాడు బంధం ఆకారానికి పలకని చెక్కి, మిగిలిన సందులో లప్పం కూరతాడు. ఆర్నెల్లకి ఆ లప్పం రాలిపోతుంది. ఈయన ఒక పలకముక్కని బంధం పక్కన ఆనించి, దాని మందాన బంధం అడుగు కోసి, పలకని ఆ కోత కిందకి దూర్చాడు. చెక్క నేలలోంచే ద్వారం మొలిచినట్టుంది. ఎవరింటికి వెళ్ళినా నేను ముందు అక్కడే చూస్తాను.

పనివాడి వైపు న్యాయం కూడా చెప్పాలి. పనయ్యాక మోకాళ్ళ మీద కూచుని, టార్చి వేసి తప్పులు వెతకడం అన్యాయం. సాయంత్రపు ఏటవాలు ఎండలో ఎంత మంచి నేల మీదైనా గీతలు కనిపిస్తాయి. మామూలు వెలుతుర్లో, నిలబడి చూడాలి. అలా చూసినా సాండింగ్ మిషన్ ఆగినచోట గుంటలో, అలలో కనిపిస్తే అప్పుడు నిలదియ్యండి. చలికాలం హీటర్ వేడికి పలకల మధ్య డైమ్ నాణెం పట్టేంత సందు వస్తే కంగారు పడొద్దు, వేసవికి కలిసిపోతుంది. ఇంట్లో గాలి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవడం మాత్రం మన బాధ్యతే.

మీరు చెక్క నేల వేయించుకుంటుంటే నా మాట ఒక్కటి వినండి. మొదటి మేకు పడకముందే కింది ప్లైవుడ్ తేమ ఎంత, పలకల తేమ ఎంత అని అడిగి, ఆ రెండంకెలూ కాగితం మీద రాయించుకోండి. కొలవనంటే ఆ పూట పని ఆపించండి.