చీమల గుడ్లు, చంద్రుని గుడి

కార్తిక పూర్ణిమ దాటి మూడు దినములు. కోనసీమలోని ఒక గ్రామంలో వృద్ధ కర్షకుని రెండెకరాల వరి కోత పూర్తయి, పనలు చేనిలోనే ఆరుతున్నాయి. వాన పడితే గింజ మొలకెత్తుతుంది. పచ్చి ఆరకుండా కుప్ప వేస్తే లోలోపల వేడెక్కి రంగు మారుతుంది. ఇటు చూసినా అటు చూసినా నష్టమే.

"తాతయ్యా, చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి. వాన తప్పదు, కుప్ప వేసేద్దాం" అన్నాడు మనుమడు. వృద్ధుడు గట్టు వద్దకు వెళ్లి చాలాసేపు చూశాడు. "పొద్దున నువ్వు గట్టు చెక్కావు కదరా, పార పుట్టకు తగిలింది. ఇవి బెదిరి పరుగెడుతున్నాయి" అన్నాడు.

ఆయన శాస్త్రాధ్యయనం చేసినవాడు కాడు. అయినా గౌతమ మహర్షి న్యాయసూత్రాల ద్వితీయాధ్యాయంలోని చర్చ సరిగ్గా ఇదే. అనుమానం ప్రమాణం కాదంటాడు పూర్వపక్షి. నది పొంగితే ఎగువన వర్షం కురిసిందని ఊహిస్తాం, కాని అడ్డుకట్ట వేసినా నది పొంగుతుంది. చీమలు అండాలను మోస్తే వాన వస్తుందంటాం, కాని పుట్ట దెబ్బతిన్నా అవి మోస్తాయి. మయూరధ్వనిని మనిషీ అనుకరించగలడు. సిద్ధాంతి వీటిని కాదనడు. ఆ చీమలు వేరు, ఈ చీమలు వేరు అంటాడు. ఏవో కొన్ని చీమలు కాదు, సమూహంలో అత్యధికభాగం తరలితేనే అది వర్షానికి లింగమని వాత్స్యాయన భాష్యం. పుట్టలోని తేమను, ఉష్ణాన్ని బట్టి చీమలు తమ సంతతిని స్థానం మారుస్తాయని నేటి జీవశాస్త్రమూ అంటుంది. సామెతలను మూఢత్వమని త్రోసిపుచ్చేవారు, ఆర్షవాక్యమని కన్నులు మూసుకొని నమ్మేవారు ఉభయులూ ఈ ప్రకరణం వైపు చూడకపోవడం విచిత్రం.

ఆ రాత్రి చంద్రుని చుట్టూ విశాలమైన వరదగుడి కట్టింది. గుడి దూరమైతే వాన దగ్గరని పెద్దల మాట. వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. మిక్కిలి ఎత్తున పలుచని మేఘంలోని షడ్భుజాకార హిమస్ఫటికాల గుండా కాంతి వక్రీభవించి, చంద్రునికి 22 డిగ్రీల దూరంలో ఆ పెద్ద వలయం ఏర్పడుతుంది. వాయుగుండాలకు ముందుగా వ్యాపించేవి తరచు ఇటువంటి మేఘాలే. చంద్రుని అంటిపెట్టుకొనే చిన్న వలయం నీటి బిందువుల వల్ల కలిగేది, దాని కారణం వేరు.

మనుమని ఫోన్‌లోనూ బంగాళాఖాతంలో అల్పపీడనమని వార్త. తెల్లవారగానే కూలీలను పిలిచి కుప్ప వేయించాడు వృద్ధుడు. సాయంకాలానికి ఆకాశం కమ్ముకుంది, గాలి వీచింది. నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి. వాన ఉత్తరాంధ్ర వైపు తరలిపోయింది.

"సామెత తప్పింది కదా తాతయ్యా?"

"గుడి మబ్బు సంగతి చెప్పింది, మబ్బు వచ్చింది. మన చేలోనే కురుస్తుందని అనుకున్నది నేను" అంటూ ఆయన కుప్పలోకి మోచేతి వరకు చేయి జొనిపాడు. లోపల వెచ్చగా తగిలింది. ఇద్దరూ కుప్ప విప్పి, పనలను మళ్లీ ఎండలో పరచసాగారు.